శాండ్‌బాక్స్ ఆన్ చేయగానే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడవడం లేదు: మ్యాక్ యాప్ నుంచి బయటి ప్రోగ్రామ్‌ని ఎలా నడపాలి?

నీలిదీపం:
అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే చోట ఆగిపోయాను, దారి చూపిస్తారని రాస్తున్నాను.

మ్యాక్ కోసం స్విఫ్ట్‌లో ఒక చిన్న యాప్ రాస్తున్నాను. వీడియో ఫైల్‌ని విండోలోకి లాగి వదిలితే అందులోని ఆడియోని విడిగా తీసి ఇస్తుంది. అసలు పనంతా వీడియో, ఆడియో ఫైళ్లను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్‌దే. నా యాప్ దాన్ని, వేరే ప్రోగ్రామ్‌ని నడిపే ప్రాసెస్ క్లాస్‌తో పిలిచి, పని ఎంతవరకు వచ్చిందో చూపిస్తుంది. హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్‌తో వేసుకున్న ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ /ఆప్ట్/హోమ్‌బ్రూ/బిన్‌లో ఉంది, ఆ పాత్‌నే కోడ్‌లో రాసేశాను. ఇన్నాళ్లూ చక్కగా నడిచింది.

యాప్ స్టోర్‌లో పెడదామని యాప్ శాండ్‌బాక్స్ (యాప్ వేటిని ముట్టుకోవచ్చో హద్దు గీసే రక్షణ) ఆన్ చేశాను. అప్పటి నుంచి 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్' అంటోంది. టెర్మినల్‌లో అదే కమాండ్ పనిచేస్తోంది. ఫైల్ పర్మిషన్లు 755 ఉన్నాయి, అంటే ఎవరైనా నడపొచ్చు. ఓపెన్ ప్యానెల్ పెట్టి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఫైల్‌ని యూజర్ చేతే ఎంపిక చేయించాను, అయినా లాభం లేదు. అసలు శాండ్‌బాక్స్‌లో ఉన్న యాప్ ఇంకో ప్రోగ్రామ్‌ని నడపగలదా, లేదా?

పాతకీబోర్డు:
నడపగలదండి. అయితే నడిచే ప్రోగ్రామ్ ఎవరి హక్కులతో నడుస్తుందన్నది ముందు చూసుకోవాలి.

ప్రాసెస్ క్లాస్‌తో మీరు దేన్ని మొదలుపెట్టినా అది మీ యాప్‌కి చైల్డ్ ప్రాసెస్ అవుతుంది. మీ యాప్ చుట్టూ ఉన్న శాండ్‌బాక్సే దాని చుట్టూ కూడా ఉంటుంది. టెర్మినల్‌లో పనిచేస్తోంది అన్నారు. అక్కడ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి మీ యూజర్ హక్కులన్నీ ఉంటాయి, ఇక్కడ మీ యాప్‌కి ఉన్న కొద్దిపాటి హక్కులే ఉంటాయి. అందుకని 755 చూసి ప్రయోజనం లేదు. యూనిక్స్ పర్మిషన్ వేరు, శాండ్‌బాక్స్ అనుమతి వేరు. రెండూ ఒప్పుకుంటేనే పని జరుగుతుంది.

శాండ్‌బాక్స్‌లో ఉన్న యాప్ /బిన్, /ఎస్‌బిన్, /యుఎస్‌ఆర్/బిన్, /యుఎస్‌ఆర్/లిబ్, /సిస్టమ్ లాంటి కొన్ని చోట్ల అందరూ చదవగలిగే ఫైళ్లను చదువుకోవచ్చు. /ఆప్ట్/హోమ్‌బ్రూ ఆ జాబితాలో లేదు. ఓపెన్ ప్యానెల్‌తో యూజర్ ఆ ఒక్క ఫైల్‌కి అనుమతి ఇచ్చినా, హోమ్‌బ్రూ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఒంటరిగా నడిచేది కాదు. పక్క ఫోల్డర్లలోని డజన్ల కొద్దీ డైనమిక్ లైబ్రరీలు దానికి కావాలి. వాటికి అనుమతి ఎవరిచ్చారు?

ఇంకో సంగతి. మీ యాప్ కొనుక్కున్నవాళ్ల దగ్గర హోమ్‌బ్రూ ఉంటుందని ఏముంది? ఇంటెల్ మ్యాక్‌లో అయితే హోమ్‌బ్రూ /యుఎస్‌ఆర్/లోకల్‌లోకి వెళ్తుంది. ఆ పాత్ కోడ్‌లో రాసిన రోజే ఇబ్బంది మొదలైంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని మీ యాప్ బండిల్‌లోనే, అంటే యాప్ ఫైళ్లన్నీ ఉండే ప్యాకేజీలోనే పెట్టుకోండి.

చిన్నపైపు:
బండిల్‌లో పెడితే యాప్ సైజు పెరుగుతుంది కదా. మొదటిసారి తెరిచినప్పుడు డౌన్‌లోడ్ చేసి కంటైనర్ ఫోల్డర్‌లో పెట్టుకుని అక్కడి నుంచి నడిపితే సరిపోదా? కంటైనర్ మన యాప్ సొంత చోటే కదా.

తాళంచెవి:
దయచేసి ఆ దారిలో వెళ్లకండి. రెండు చోట్ల ఆగిపోతారు.

శాండ్‌బాక్స్‌లో ఉన్న యాప్ ఏ ఫైల్ సృష్టించినా సిస్టమ్ దానికి క్వారంటైన్ గుర్తు తగిలిస్తుంది. కంటైనర్‌లో అయినా అంతే. ఆ గుర్తున్న ప్రోగ్రామ్‌ని నడపబోతే అడ్డుపడుతుంది, మన యాప్‌కి ఆ గుర్తును తీసేయడం కుదరదు. ఇది పొరపాటున వచ్చిన ఇబ్బంది కాదు. యాప్‌లో లోపం పట్టుకుని లోపలికి దూరినవాడు ఒక ఫైల్ రాసి దాన్నే నడిపేయకుండా కావాలనే అలా పెట్టారు.

రెండోది స్టోర్ నిబంధన. మ్యాక్ యాప్‌లకి వర్తించే 2.4.5లో స్పష్టంగా ఉంది: సమీక్షలో చూపించని అదనపు కోడ్‌ని తర్వాత డౌన్‌లోడ్ చేయకూడదు. సైజు గురించి బెంగ ఉంటే మీకు అవసరమైన డీకోడర్లు మాత్రమే ఉంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని మీరే కంపైల్ చేసుకోండి. ఆడియో తీయడానికి వీడియో ఎన్‌కోడర్లతో పనేముంది? బాగా తగ్గిపోతుంది.

నీలిదీపం:
ఇద్దరికీ ధన్యవాదాలు. మీరు చెప్పినట్టే, లైబ్రరీలన్నీ లోపలే ఉండేలా స్టాటిక్‌గా కంపైల్ చేసి బండిల్‌లో రిసోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టాను. అప్‌లోడ్ చేయబోతే 'ఈ ఎగ్జిక్యూటబుల్‌కి యాప్ శాండ్‌బాక్స్ ఎంటైటిల్‌మెంట్ లేదు' అని స్టోర్ తిరస్కరించింది (ఎంటైటిల్‌మెంట్ అంటే సైన్ చేసేటప్పుడు ప్రోగ్రామ్‌కి రాసిచ్చే హక్కు). సరే అని నా యాప్ ఎంటైటిల్‌మెంట్ ఫైల్‌తోనే దాన్నీ సైన్ చేశాను. ఇప్పుడు మొదలైన క్షణంలోనే క్రాష్ అవుతోంది. ఒక్క లైన్ అవుట్‌పుట్ కూడా రావడం లేదు. టెర్మినేషన్ స్టేటస్ 5 వస్తోంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ డాక్యుమెంటేషన్‌లో 5 అనే ఎర్రర్ కోసం వెతికి వెతికి అలిసిపోయాను.

తాళంచెవి:
ఆ 5 ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఇచ్చిన ఎర్రర్ కోడ్ కాదండి. పక్కనే టెర్మినేషన్ రీజన్ అనే ప్రాపర్టీ కూడా చూడండి. అది 'అన్‌కాట్ సిగ్నల్' అయితే ఆ అంకె సిగ్నల్ నంబర్. 5 అంటే సిగ్‌ట్రాప్. ఇంటెల్ మ్యాక్‌లో అయితే ఇదే జబ్బు 4గా, అంటే సిగ్‌ఇల్‌గా కనిపిస్తుంది. క్రాష్ రిపోర్ట్ తెరిస్తే పైవరసల్లో లిబ్‌సెక్‌ఇనిట్ అనే మాట ఉంటుంది చూడండి.

జరిగింది ఇది. యాప్ శాండ్‌బాక్స్ ఎంటైటిల్‌మెంట్ ఉన్న ప్రోగ్రామ్ మొదలవగానే తనకోసం ఒక కొత్త శాండ్‌బాక్స్ ఏర్పాటు చేసుకోబోతుంది. కానీ అది అప్పటికే మీ యాప్ శాండ్‌బాక్స్ లోపల ఉంది. ఉన్నదాని లోపల ఇంకొకటి కట్టుకోవడం కుదరదు కాబట్టి సిస్టమ్ అక్కడికక్కడే ఆపేస్తుంది. మీ మెయిన్ ఫంక్షన్ దాకా కూడా రాదు. అందుకే ఒక్క లైన్ కూడా కనబడలేదు.

దీనికోసం ఇన్హెరిట్ అని ఒక ఎంటైటిల్‌మెంట్ ఉంది. 'నాకు వేరే శాండ్‌బాక్స్ వద్దు, నన్ను పిలిచినవాళ్లదే తీసుకుంటాను' అని దాని అర్థం. హెల్పర్ కోసం, అంటే మీ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కోసం, వేరే ఎంటైటిల్‌మెంట్ ఫైల్ చేసి అందులో రెండే రెండు పెట్టండి: యాప్ శాండ్‌బాక్స్, ఇన్హెరిట్. మూడోది ఏది చేర్చినా మళ్లీ ఇదే క్రాష్. నెట్‌వర్క్, యూజర్ ఎంచుకున్న ఫైళ్లు వగైరా మెయిన్ యాప్‌కి ఉంటే చాలు, చైల్డ్‌కి అక్కడి నుంచే వస్తాయి.

ఎక్స్‌కోడ్‌లో హెల్పర్‌ని ఒక టార్గెట్‌గా కట్టేవాళ్లు ఇంకో చోట పడిపోతారు. డీబగ్ బిల్డ్‌లో ఎక్స్‌కోడ్ మనకు చెప్పకుండానే గెట్-టాస్క్-అలౌ అనే మూడో ఎంటైటిల్‌మెంట్ చేరుస్తుంది. రిలీజ్‌లో నడుస్తుంది, డీబగ్‌లో చచ్చిపోతుంది, కారణం ఎక్కడా కనబడదు. ఆ హెల్పర్ టార్గెట్ బిల్డ్ సెట్టింగ్స్‌లో 'కోడ్ సైన్ ఇంజెక్ట్ బేస్ ఎంటైటిల్‌మెంట్స్' అన్నదాన్ని 'నో' చేయాలి. నాకు ఇది తెలియడానికి ఒక వారాంతం మొత్తం పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రిసోర్సెస్‌లోంచి దాన్ని తీసి కంటెంట్స్ కింద ఉన్న మ్యాక్‌ఓఎస్ ఫోల్డర్‌లో పెట్టండి. కాపీ ఫైల్స్ ఫేజ్‌లో 'ఎగ్జిక్యూటబుల్స్' ఎంచుకుని, 'కోడ్ సైన్ ఆన్ కాపీ' టిక్ చేస్తే సరి. సైన్ చేసేటప్పుడు లోపలివి ముందు, బయటి యాప్ చివర. అన్నీ ఒక్కసారే అయిపోతాయి కదా అని కోడ్‌సైన్‌కి --డీప్ ఇవ్వకండి. అలా ఇస్తే మెయిన్ యాప్ ఎంటైటిల్‌మెంట్లే లోపలివాటికీ అంటుకుంటాయి, మళ్లీ మొదటికొస్తారు.

పెంగ్విన్‌గూడు:
పక్కదారి పట్టిస్తున్నానేమో, క్షమించండి. లైనక్స్‌లో ఫ్లాట్‌పాక్ (యాప్‌లని శాండ్‌బాక్స్‌లో నడిపే ప్యాకేజీ పద్ధతి) యాప్ రాసేవాళ్లకీ దాదాపు ఇదే ప్రశ్న వస్తుంది. ఫ్లాట్‌పాక్ లోపల కనిపించే /యుఎస్‌ఆర్ మీ సిస్టమ్‌ది కాదు, రన్‌టైమ్‌ది. హోస్ట్‌లో, అంటే మీ అసలు సిస్టమ్‌లో వేసుకున్న ప్రోగ్రామ్ అక్కడ ఉండదు. అప్పుడు వెతికితే ఫ్లాట్‌పాక్-స్పాన్ --హోస్ట్ అనే కమాండ్ దొరుకుతుంది. యాప్‌కి ఫ్లాట్‌పాక్ డీబస్ సేవతో మాట్లాడే అనుమతి ఇస్తే పనిచేస్తుంది కూడా.

కానీ ఆ ఒక్క అనుమతితో యాప్ హోస్ట్‌లో ఏ కమాండ్ అయినా నడపగలదు. ఇక శాండ్‌బాక్స్ ఉన్నా లేనట్టే. కోడ్ ఎడిటర్ లాంటివాటికి వేరే గతి లేదు, యూజర్ కంపైలర్‌ని పిలవాలి కాబట్టి. ఒక ఆడియో కన్వర్టర్‌కి మాత్రం ఏ విధంగానూ న్యాయం కాదు. ప్రోగ్రామ్‌ని యాప్‌తో పాటే కట్టి పెట్టడమే ఇక్కడా సరైన పని. ఫైల్‌నో లింక్‌నో వేరే యాప్‌లో తెరవాలంటే శాండ్‌బాక్స్ బయట ఆ పని చేసిపెట్టే పోర్టల్స్ ఉన్నాయి.

కిటికీ64:
విండోస్ సంగతి క్లుప్తంగా చెప్తాను. యాప్‌కంటైనర్ అనే శాండ్‌బాక్స్‌లో నడిచే యూడబ్ల్యూపీ (విండోస్ స్టోర్ తరహా) యాప్ నుంచి లాంచ్‌ఫైల్ ఎసింక్‌తో ఈఎక్స్ఈ ఫైల్‌ని నడపలేరు, అది కావాలనే ఆపి ఉంచారు. ప్యాకేజీలో మీ సొంత ఈఎక్స్ఈ పెట్టుకుని, మానిఫెస్ట్‌లో ప్రకటించి, ఫుల్‌ట్రస్ట్ ప్రాసెస్ లాంచర్‌తో పిలవాలి. విండోస్ 10, 1607 వెర్షన్ నుంచి ఉంది. ఆర్గ్యుమెంట్లు కావాలంటే అవి కూడా ముందే మానిఫెస్ట్‌లో పారామీటర్ గ్రూపులుగా రాసుకోవాలి.

మ్యాక్‌కీ దీనికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. ఇక్కడ అలా మొదలైన ఈఎక్స్ఈ శాండ్‌బాక్స్‌లో ఉండదు, పూర్తి యూజర్ హక్కులతో నడుస్తుంది. అందుకే రన్‌ఫుల్‌ట్రస్ట్ అన్నది పరిమితం చేసిన అనుమతి, స్టోర్‌కి కారణం రాసివ్వాలి.

నీలిదీపం:
తాళంచెవి గారూ, నడిచింది! వెర్షన్ అడిగితే చెప్పింది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

కానీ అసలు పని ఇంకా కాలేదు. యూజర్ వీడియో లాగి వదిలితే ఆడియో ఫైల్‌ని దాని పక్కనే, అదే ఫోల్డర్‌లో రాయాలని నా ఉద్దేశం. అక్కడ 'పర్మిషన్ డినైడ్' వస్తోంది. వీడియోకి యూజరే అనుమతి ఇచ్చారు కదా?

పాతకీబోర్డు:
వీడియోకి ఇచ్చారు, ఫోల్డర్‌కి ఇవ్వలేదు. లాగి వదిలిన ఫైల్ ఒక్కదానికే మీకు అనుమతి వస్తుంది. దాని పక్కన కొత్త ఫైల్ పుట్టించాలంటే యూజర్ ఆ ఫోల్డర్‌నే ఇవ్వాలి, లేదా సేవ్ ప్యానెల్‌లో చోటు చూపించాలి. నేనైతే ఆడియోని ముందు యాప్ టెంపరరీ డైరెక్టరీలో రాయించి, పని పూర్తయ్యాక సేవ్ ప్యానెల్ చూపించి అక్కడికి మూవ్ చేస్తాను. మధ్యలో యూజర్ రద్దు చేసినా సగం రాసిన ఫైల్ వాళ్ల ఫోల్డర్‌లో మిగిలిపోదు.

ఇన్‌పుట్ విషయంలోనూ జాగ్రత్త పడండి. ఇన్హెరిట్‌తో చైల్డ్‌కి వచ్చేవి ఎంటైటిల్‌మెంట్ ఫైల్‌లో రాసి ఉన్న స్థిరమైన హక్కులేనని, యాప్ నడుస్తుండగా యూజర్ ఇచ్చిన ఫైల్ అనుమతులు కావని యాపిల్ డాక్యుమెంటేషన్ చెబుతుంది. మీ మెషీన్‌లో పాత్ ఇస్తే తెరుచుకుందని దాని మీద ఆధారపడకండి.

దీనికి నాకు బాగా నచ్చిన దారి చెప్తాను. ఫైల్‌ని మీ యాప్ తెరవాలి, తెరిచిన ఫైల్ హ్యాండిల్‌ని చైల్డ్‌కి స్టాండర్డ్ ఇన్‌పుట్‌గా ఇవ్వాలి. శాండ్‌బాక్స్ అనుమతి చూసేది ఫైల్‌ని తెరిచేటప్పుడు. తెరిచి చేతికిచ్చాక చైల్డ్‌కి పాత్ తెలియనక్కర్లేదు, యూజర్ ఫైళ్లలో ఆ ఒక్కటి తప్ప వేరే ఏదీ ఇవ్వనక్కర్లేదు.

చిన్నపైపు:
అలా చేసి ఒకసారి దెబ్బతిన్నాను. పైప్ (ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా పారే దారి) ద్వారా ఎంపీ4 ఇస్తే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ చదవలేకపోయింది. కొన్ని ఫైళ్లకు పనిచేసింది, కొన్నిటికి లేదు.

పాతకీబోర్డు:
మంచి మాట గుర్తుచేశారు. ఎంపీ4లో మూవ్ అనే విషయసూచిక ఉంటుంది. ఏ ఫ్రేమ్ ఫైల్‌లో ఎక్కడుందో అందులో రాసి ఉంటుంది. చాలా ఫైళ్లలో అది చివర్లో ఉంటుంది. పైప్‌లో ముందుకే తప్ప వెనక్కి వెళ్లలేం. చివరిదాకా పోయి సూచిక చదివి మళ్లీ వెనక్కి రావడం కుదరదు కాబట్టి ఆగిపోతుంది. సూచిక ముందే ఉన్న ఫైళ్లు నడిచాయి, చివర ఉన్నవి నడవలేదు. మీరు చూసిన తేడా అదే.

అందుకే పైప్ వద్దు, ఫైల్ హ్యాండిలే ఇవ్వండి అన్నాను. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కొత్త వెర్షన్లలో ఎఫ్‌డి అనే ప్రోటోకాల్ ఉంది. ఇన్‌పుట్ పేరు దగ్గర 'ఎఫ్‌డి:' అని రాస్తే స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదువుతుంది. అటు పక్క ఉన్నది మామూలు ఫైల్ అయితే ముందుకూ వెనక్కూ కదలగలదు. అవుట్‌పుట్‌కీ అంతే, అయితే ఫైల్ పేరు లేదు కాబట్టి ఫార్మాట్ ఏమిటో మీరే -ఎఫ్‌తో చెప్పాలి. -నోస్టిడిన్ కూడా పెట్టండి, లేకపోతే కీబోర్డ్ కమాండ్ల కోసం అదే స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని చదవబోయే ప్రమాదం ఉంది.

ఇదంతా ఎందుకు అనిపిస్తే తేలిక దారి ఇంకోటి ఉంది. ఇన్‌పుట్‌ని కంటైనర్‌లోకి ఫైల్ మేనేజర్‌తో కాపీ చేసి ఆ పాత్ ఇవ్వడం. ఒకే ఏపీఎఫ్ఎస్ (మ్యాక్ ఫైల్ సిస్టమ్) వాల్యూమ్ అయితే క్లోన్ అవుతుంది, పెద్ద వీడియో అయినా క్షణంలో అయిపోతుంది, అదనపు చోటూ పట్టదు. బయటి డ్రైవ్ నుంచి అయితే నిజమైన కాపీ, ఆగాల్సిందే.

నీలిదీపం:
ఎఫ్‌డి పద్ధతి పెట్టాను, పనిచేస్తోంది. ఇంకో చిత్రం. చిన్న వీడియోలు బాగానే అవుతున్నాయి. పెద్దవి మధ్యలో ఎక్కడో ఆగిపోతాయి. క్రాష్ కాదు, ఎర్రర్ రాదు, సీపీయూ వాడకం సున్నా. ఇదీ శాండ్‌బాక్స్ వల్లేనా?

తాళంచెవి:
కాదండి, ఇది శాండ్‌బాక్స్ లేకపోయినా వస్తుంది. స్టాండర్డ్ ఎర్రర్‌కి పైప్ తగిలించి, చైల్డ్ ముగిసేదాకా ఆగి, ఆ తర్వాత చదువుతున్నారనుకుంటా. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ తన పురోగతినంతా అక్కడే రాస్తుంది. పైప్ బఫర్ చిన్నది. నిండగానే చైల్డ్ రాయలేక ఆగుతుంది. అది ముగియాలని మీరు, మీరు చదవాలని అది. రీడబిలిటీ హ్యాండ్లర్ పెట్టి వస్తున్నకొద్దీ చదివేయండి.

ఇలాంటప్పుడు తప్పు శాండ్‌బాక్స్‌దా కాదా అని తేల్చుకోవాలంటే కన్సోల్ యాప్ తెరిచి 'శాండ్‌బాక్స్', 'డినై' అని వెతకండి. ఏ ప్రాసెస్ ఏ పాత్‌ని తెరవబోయి తిరస్కారం పొందిందో అక్కడ ఉంటుంది. ఏమీ లేకపోతే మీ కోడ్ వైపు చూడండి. యాక్టివిటీ మానిటర్‌లో శాండ్‌బాక్స్ అనే కాలమ్ ఆన్ చేస్తే చైల్డ్ లోపల ఉందా, బయట ఉందా అని కూడా తెలుస్తుంది.

రెండోపేజీ:
ఈ చర్చ మొత్తం చదివాను, చాలా ఉపయోగపడింది. ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు, లైసెన్స్. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ మూలంగా ఎల్‌జీపీఎల్ 2.1, కానీ కంపైల్ చేసేటప్పుడు జీపీఎల్ భాగాలు ఎనేబుల్ చేస్తే, ఉదాహరణకు ఎక్స్264 వీడియో ఎన్‌కోడర్ కోసం, మొత్తం జీపీఎల్ అనే ఇంకా కఠినమైన లైసెన్స్ కిందకి వస్తుంది. యాప్ స్టోర్ షరతులకీ జీపీఎల్‌కీ పొత్తు కుదరదన్న వాదన పాతదే. 2011 జనవరిలో వీఎల్‌సీ ఐఓఎస్ స్టోర్ నుంచి బయటికి వెళ్లింది ఆ గొడవ మీదే. మీకు ఆడియో మాత్రమే కావాలి కాబట్టి జీపీఎల్ భాగాలు లేకుండా కట్టుకోండి. ఎల్‌జీపీఎల్‌కి కూడా బాధ్యతలున్నాయి. ఏ సోర్స్, ఏ ఆప్షన్లతో కట్టారో అందుబాటులో ఉంచండి.

చిన్నపైపు:
నాది కొంచెం వేరే అవసరం. మా యాప్‌లో యూజర్ తన సొంత స్క్రిప్ట్‌లు నడుపుకోవాలి, వాటిని ముందే బండిల్ చేయడం కుదరదు. ఎన్ఎస్‌వర్క్‌స్పేస్‌తో తెరిస్తే ఆర్గ్యుమెంట్లు అందడం లేదు.

పాతకీబోర్డు:
పిలిచేది శాండ్‌బాక్స్ యాప్ అయితే ఆ ఆర్గ్యుమెంట్లను సిస్టమ్ పట్టించుకోదు, డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. ఎన్ఎస్‌వర్క్‌స్పేస్ ఉన్నది ఇంకో యాప్‌ని తెరవడానికి, దానికి ఫైల్ అందించడానికి. అలా తెరిచినది మీ చైల్డ్ కాదు, దాని హక్కులు దానివే.

మీకు కావాల్సింది ఎన్ఎస్‌యూజర్‌యూనిక్స్‌టాస్క్. ఓఎస్ ఎక్స్ 10.8 నుంచి ఉంది. యూజర్ లైబ్రరీలో 'అప్లికేషన్ స్క్రిప్ట్స్' అనే ఫోల్డర్ కింద మీ యాప్ ఐడెంటిఫయర్‌తో ఒక ఫోల్డర్ ఉంటుంది. యూజర్ అందులో పెట్టిన స్క్రిప్ట్‌లను మీరు నడపవచ్చు, అవి శాండ్‌బాక్స్ బయట నడుస్తాయి. ఆ ఫోల్డర్‌ని మీ యాప్ చదవగలదు కానీ తనంతట తాను రాయలేదు. ఏ స్క్రిప్ట్ నడవాలో నిర్ణయం యూజర్ చేతిలోనే ఉంటుంది, నాకు ఆ ఏర్పాటు చాలా సబబుగా అనిపిస్తుంది. అయితే మొదలుపెట్టాక మధ్యలో ఆపే సదుపాయం ఆ క్లాస్‌లో లేదు. ఎక్కువసేపు నడిచే పనులకు అది గుర్తుంచుకోండి.

కిటికీ64:
ఒక సందేహం. స్టోర్ వదిలేసి డెవలపర్ ఐడీతో సైన్ చేసి, యాపిల్ తనిఖీతో నోటరైజ్ చేయించి బయట ఇస్తే శాండ్‌బాక్స్ తప్పనిసరి కాదు కదా? అప్పుడు ఈ బాధేదీ ఉండదు.

పాతకీబోర్డు:
తప్పనిసరి కాదు, నిజమే. నోటరైజేషన్‌కి హార్డెన్డ్ రన్‌టైమ్ అనే రక్షణ చాలు. మీ యాప్ పనే హోస్ట్‌లోని ప్రోగ్రామ్‌లను నడపడం అయితే ఆ దారే మంచిది కూడా.

ఈ యాప్‌కి మాత్రం స్టోర్ లేకపోయినా శాండ్‌బాక్స్ ఉంచమనే చెప్తాను. వీడియో ఫైల్ ఎక్కడి నుంచి వచ్చిందో మనకు తెలియదు. దాన్ని విప్పి చదివేది సీ భాషలో రాసిన లక్షల లైన్ల కోడ్. అలాంటి కోడ్‌లో మెమొరీ లోపాలు బయటపడుతూనే ఉంటాయి. చెడు ఉద్దేశంతో తయారుచేసిన ఒక ఫైల్ ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ని లొంగదీసుకుంటే, శాండ్‌బాక్స్ లేనప్పుడు యూజర్ ఫొటోలు, ఉత్తరాలు, పాస్‌వర్డ్ ఫైళ్లు దాని ముందు ఉంటాయి. ఉన్నప్పుడు, తెరిచిచ్చిన ఆ వీడియో ఒక్కటే ఉంటుంది. ఇంకా బిగించాలంటే హెల్పర్‌ని ఎక్స్‌పీసీ సర్వీస్‌గా, అంటే సిస్టమే విడిగా మొదలుపెట్టే ప్రోగ్రామ్‌గా మార్చండి. దానికి సొంత శాండ్‌బాక్స్ ఉంటుంది, మెయిన్ యాప్‌కి నెట్‌వర్క్ అనుమతి ఉన్నా దానికి లేకుండా చేయవచ్చు. ఇన్హెరిట్‌తో అది కుదరదు, తల్లి ఎంటైటిల్‌మెంట్ ఫైల్‌లో ఉన్నవన్నీ పిల్లకీ వస్తాయి.

నీలిదీపం:
పైప్ సరిచేశాను, రెండు గంటల వీడియో ఆగకుండా పూర్తయింది. జీపీఎల్ భాగాలు తీసేసి మళ్లీ కంపైల్ చేశాను, ఇంటెల్‌కీ ఆర్మ్‌కీ వేర్వేరుగా కట్టి లైపోతో ఒకటిగా కలిపాను. కన్సోల్‌లో 'డినై' లైన్ ఒక్కటీ లేదు.

ఒక్కటి మిగిలింది. 'ఇటీవలి ఫైళ్లు' జాబితాలో పాత్‌లు దాచుకుంటున్నాను. యాప్ మూసి మళ్లీ తెరిస్తే వాటిలో ఏదీ తెరుచుకోవడం లేదు.

తాళంచెవి:
యూజర్ ఇచ్చిన అనుమతి యాప్ మూసేదాకానే. పాత్ బదులు సెక్యూరిటీ స్కోప్డ్ బుక్‌మార్క్ దాచుకోండి. తెరిచేటప్పుడు దాన్నుంచి యూఆర్ఎల్ తీసి, స్టార్ట్ యాక్సెసింగ్ పిలిచి, హ్యాండిల్ తెరిచి చైల్డ్‌కి ఇచ్చాక స్టాప్ పిలవండి. స్టాప్ మర్చిపోతే కెర్నల్ వనరులు కారిపోతాయి, కొంతసేపటికి కొత్త ఫైళ్లు కూడా తెరుచుకోవు. యూజర్ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చినా బుక్‌మార్క్ దాన్ని వెతికి పట్టుకోగలదు. 'స్టేల్' అని చెబితే కొత్త బుక్‌మార్క్ చేసి పాతదాని చోట పెట్టండి.

నీలిదీపం:
పెట్టాను. మూసి తెరిచినా జాబితా పనిచేస్తోంది. ఈ రాత్రికే అప్‌లోడ్ చేస్తున్నాను. ఎక్స్‌పీసీ సర్వీస్ తర్వాతి వెర్షన్‌లో మొదలుపెడతాను, సందేహాలొస్తే ఇక్కడికే వస్తాను. అందరికీ మనసారా కృతజ్ఞతలు.